చిన్న కారు కొంటే తప్పా? ఆటోనగర్ షెడ్డు నుంచి అపోహలు, వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో నేను పానా పట్టి ఇరవై ఆరేళ్లు. మొదటి నాలుగేళ్లు లారీల షెడ్డులో పనిచేశాను. ఆ తర్వాత అంతా చిన్న కార్లే. మారుతీ 800, జెన్, శాంట్రో, ఆల్టో, వ్యాగన్‌ఆర్... చేతి కింద ఎన్ని బండ్లు వెళ్లాయో లెక్కపెట్టుకోలేదు. ఈమధ్య రిపేరుకు వచ్చే ఫోన్ల కంటే సలహాకు వచ్చే ఫోన్లు ఎక్కువయ్యాయి. "అన్నా, చిన్న కారు తీసుకుంటే తర్వాత బాధపడతానా? ఇంకో మూడు లక్షలు అప్పు చేసి పెద్దది తీసుకోమంటావా?" అని అడుగుతున్నారు. ఆ గొంతులో భయం వినిపిస్తుంది. వాళ్ల చెవిన పడ్డ మాటల్లో చాలావరకు సగం నిజాలే. నేను ఎక్కువగా వినేవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: చిన్న కార్ల రోజులు అయిపోయాయి. ఇక ఎవరూ కొనరు.

వాస్తవం: 2022-23, 2023-24, 2024-25. ఈ మూడు ఆర్థిక సంవత్సరాల్లోనూ మన దేశంలో అన్నింటికంటే ఎక్కువ అమ్ముడైన కారు వ్యాగన్‌ఆర్. పొడవు మూడున్నర మీటర్ల పైచిలుకు, 1999లో వచ్చిన పేరు. రోజులు అయిపోయిన బండి మూడేళ్లు వరసగా ముందు నిలబడదు.

అయితే ఆ మాట ఊరికే పుట్టలేదు. దెబ్బ తిన్నవి చిన్నవాటిలోనూ మరీ చిన్నవి. బైకు దిగి మొదటిసారి కారెక్కే ఇంటివాళ్లు కొనే బండ్లు. ఒకప్పుడు ఆల్టో ఒక్కటే ఏడాదికి 2 లక్షలకు పైగా పోయేది. 2020 నాటికి మొత్తం 40 లక్షలు దాటింది. 2024-25కి వచ్చేసరికి ఆల్టో, ఎస్-ప్రెస్సో రెండూ కలిపినా లక్షన్నర చేరలేదు. శాంట్రో 2018లో తిరిగి వచ్చింది, 2022లో మళ్లీ వెళ్లిపోయింది. ఆల్టో 800 అమ్మకం 2023లో ఆగింది.

జనానికి మోజు తగ్గిందని అందరూ అంటారు. నాకు కనిపించింది వేరే. ధర చేతికి అందకుండా పోయింది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒకేసారి కట్టాల్సి వచ్చింది. 2019లో ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయ్యాయి. 2020 ఏప్రిల్‌లో పొగ కాలుష్యం నిబంధనల్లో బీఎస్-4 నుంచి నేరుగా బీఎస్-6కి వెళ్లాం. ఆ వెనకే రెండో ఎయిర్‌బ్యాగ్ వచ్చింది. ఇవన్నీ కావాల్సినవే, ఏ ఒక్కదాన్నీ తీసేయమని నేను అనను. కానీ ఒక ఎయిర్‌బ్యాగ్ ఖరీదు పాతిక లక్షల కారుకూ, నాలుగు లక్షల కారుకూ ఇంచుమించు ఒకటే. పాతిక లక్షల్లో అది కలిసిపోతుంది. నాలుగు లక్షల బండి కొనేవాడికి మాత్రం నెల నెలా ఈఎంఐలో తగులుతుంది.

అలాంటివాడు కారు వద్దనుకోలేదు, సెకండ్ హ్యాండ్‌కు మళ్లాడు. ఒక సంక్రాంతి ముందు టైల్స్ మేస్త్రీ ఒకాయన 2012 మోడల్ బండి చూపించడానికి కుటుంబంతో సహా వచ్చాడు. బైకు మీద నలుగురూ. ట్యాంకు మీద చిన్నమ్మాయి, మధ్యలో పెద్దమ్మాయి, వెనక భార్య. నేను ఫ్లోర్ మ్యాట్ ఎత్తి తుప్పు చూస్తున్నాను, ఆయిల్ మూత తీసి లోపల తెల్లటి నురగ ఉందేమో చూస్తున్నాను. ఈలోగా పిల్లలిద్దరూ వెనక సీటెక్కి అద్దం తిప్పుతూ కూర్చున్నారు. బేరం కుదరలేదని చెప్పినా కిందకు దిగలేదు. చిన్న కారుకు గిరాకీ లేదని ఎవరైనా అంటే నాకు ఆ పిల్లలే గుర్తొస్తారు.

2025 సెప్టెంబరు 22 నుంచి లెక్క మారింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటని కార్లకు జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. అంతకుముందు చిన్న పెట్రోల్ కారుకు సెస్సుతో కలిపి 29 శాతం పడేది. ఆల్టో కే10 ఎక్స్ షోరూమ్ ధర మూడు లక్షల డెబ్బై వేలకు దిగింది. మా దగ్గర పాత బండికి అడ్వాన్స్ ఇచ్చిన ఇద్దరు ఆ నెలలోనే డబ్బు వెనక్కి తీసుకుని షోరూమ్‌కు వెళ్లారు. ధర దిగితే జనం వస్తారనడానికి నాకు ఇంకో రుజువు అక్కర్లేదు.

అపోహ: చవక కారు మనవాళ్లకు నచ్చదు. నానోని చూడలేదా?

వాస్తవం: నానో 2008 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో లక్ష రూపాయల కారుగా బయటికొచ్చింది. వానలో స్కూటర్ మీద వెళ్తున్న కుటుంబాన్ని చూసి రతన్ టాటా అనుకున్న కారది. ఆలోచన గొప్పదని ఇప్పటికీ నమ్ముతాను. ఇంజన్ 624 సీసీ, రెండు సిలిండర్లు, వెనక సీటు కింద. పొడవు 3.1 మీటర్లే అయినా లోపల ఆరడుగుల మనిషి తలకు తగలకుండా కూర్చోవచ్చు. మరి ఎందుకు నిలవలేదు? బెంగాల్‌లోని సింగూరు నుంచి గుజరాత్‌లోని సాణంద్‌కు ఫ్యాక్టరీ మారేసరికి మొదటి ఊపు పోయింది. మొదటి మోడళ్లకు వెనక డోర్ తెరుచుకునేది కాదు, సామాను లోపలి నుంచే పెట్టాలి. కొన్ని బండ్లు తగలబడ్డాయన్న వార్తలు భయపెట్టాయి. అన్నింటికంటే పెద్ద దెబ్బ "అన్నింట్లోకి చవక" అనే ముద్ర. ఆ ముద్ర నష్టం చేసిందని రతన్ టాటాయే తర్వాత చెప్పారు. మొదటి కారు కొన్నప్పుడు బంధువులు ఇంటికొచ్చి చూస్తారు, గుడి ముందు పూజ చేయిస్తాం, నిమ్మకాయలు తొక్కిస్తాం. ఆ రోజు ఎవరూ తమది చవక బండి అనిపించుకోవాలనుకోరు. జనం తిప్పికొట్టింది ఆ మాటను. తక్కువ ధర వద్దని ఎవరూ అనలేదు. 2018లో నానో తయారీ ఆగింది.

అపోహ: చిన్న కారంటే రేకు డబ్బా. గుద్దితే ప్రాణం మిగలదు.

వాస్తవం: ఈ ప్రశ్నకు జాగ్రత్తగా జవాబు చెప్పాలి, ప్రాణాల సంగతి కాబట్టి.

బరువులో బాగా తేడా ఉన్న రెండు బండ్లు ఎదురెదురుగా గుద్దుకుంటే తేలిక బండిలో ఉన్నవాళ్లకే దెబ్బ ఎక్కువ. దీన్ని నేను దాచను. కానీ చిన్న కార్లన్నీ ఒకటి కాదు. కార్లను గుద్దించి చూసి స్టార్లు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో పెద్దవాళ్ల రక్షణకు టాటా టియాగోకు 2020లో నాలుగు స్టార్లు, టాటా పంచ్‌కు 2021లో ఐదు స్టార్లు వచ్చాయి. 2023లో ఆల్టో కే10కి రెండు, వ్యాగన్‌ఆర్‌కు ఒకటి వచ్చాయి. అన్నీ నాలుగు మీటర్ల లోపువే. కాబట్టి బలం పొడవులో లేదు, బాడీ ఎలా కట్టారన్నదాంట్లో ఉంది. 2023 అక్టోబరు నుంచి మనకు సొంతంగా భారత్ ఎన్‌క్యాప్ ఉంది. కొనబోయే మోడల్‌కు, అదే ఏడాది తయారైనదానికి, ఎన్ని స్టార్లు వచ్చాయో అడిగి తెలుసుకోండి. పాత రేటింగ్ కొత్త బండికి అంటగట్టకండి. 2025లో ఆల్టో, సెలెరియో, వ్యాగన్‌ఆర్‌లకు కూడా ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని మోడళ్లలో ఇవ్వడం మొదలైంది.

ఇక షెడ్డులో చూసేది చెబుతాను. కొత్త కారు షోరూమ్ నుంచి బయటికి రాగానే సీటు కవర్లు వేయిస్తారు. వెనక సీటు కవర్ బిగించేటప్పుడు బెల్టు బకిల్స్ అడ్డమని కుర్రాళ్లు వాటిని సీటు సందులోకి తోసేస్తారు. నా దగ్గరికి సర్వీసుకు వచ్చే బండ్లలో చాలావాటికి ఆ బకిల్స్ నేనే వేలు పెట్టి పైకి లాగుతాను. దుమ్ము పట్టి, ఒక్కసారీ వాడని బకిల్స్. స్టార్ల గురించి గంటసేపు వాదించిన మనిషి పిల్లల్ని బెల్టు లేకుండా కూర్చోబెట్టుకుని వెళ్తాడు. చాలా బాధేస్తుంది. ఇంకో సంగతి. ఆరు ఎయిర్‌బ్యాగుల బండ్లలో పక్క ఎయిర్‌బ్యాగ్ ముందు సీటు అంచులోంచి వస్తుంది. మామూలు కవర్ గట్టిగా బిగిస్తే దానికి దారి ఉండదు. పక్క కుట్టు విడిపోయేలా చేసిన కవర్లే వేయించండి. ముందు ఇనప గార్డు అసలే వద్దు. 2017 డిసెంబరులోనే కేంద్రం వాటిని వద్దంది. బండి ముందు భాగం నలిగి దెబ్బను మింగాలి. గార్డు ఉంటే ఆ దెబ్బ నేరుగా ఛాసిస్‌కు వెళ్తుంది.

అపోహ: ఏసీ వేస్తే ఘాట్ ఎక్కదు, నలుగురు కూర్చుంటే హైవేకు పనికిరాదు.

వాస్తవం: శ్రీశైలం వెళ్లొచ్చి "బండి లాగట్లేదన్నా" అంటూ పోయినేడాది ఒక కుర్రాడు వచ్చాడు. గేర్‌బాక్స్ దించి క్లచ్ విప్పగానే మాడిన వాసన షెడ్డంతా కమ్మింది. ప్లేటు మీద లైనింగ్ రివిట్ల దాకా అరిగిపోయింది. ఫ్లైవీల్ మీద నీలి మచ్చలు. వేడికి ఇనుము రంగు మారితే అలా వస్తాయి. ఇంజన్ చూస్తే కంప్రెషన్ అద్భుతంగా ఉంది. తప్పు ఇంజన్‌ది కాదు. ఘాట్ మలుపుల్లో మూడో గేర్లోనే ఉంచి, ఆగిపోతుందేమోనన్న టెన్షన్‌తో సగం క్లచ్ నొక్కి యాక్సిలరేటర్ తొక్కాడు. లీటర్ ఇంజన్‌ నెమ్మదిగా తిరిగేటప్పుడు దానికి బలం తక్కువ. అందుకే మలుపుకు ముందే రెండో గేర్, అవసరమైతే ఒకటో గేర్ వేసి క్లచ్ పూర్తిగా వదిలేయాలి. ఇంజన్ గట్టిగా అరిస్తే అరవనివ్వండి, దానికి ఏమీ కాదు. నేను ఆల్టోలో నలుగుర్ని ఎక్కించుకుని తిరుమల ఘాట్ చాలాసార్లు ఎక్కాను.

హైవే మీద చిన్న కారుకు నిజంగా ఉన్న లోటు ఓవర్‌టేక్. ఎనభై నుంచి వందకు వెళ్లడానికి ఎక్కువ దూరం కావాలి. ఎదురుగా ఖాళీ కనిపించాక కూడా ఒక్క క్షణం ఆగి బయటికి రండి. నెలకు పదిసార్లు హైదరాబాద్ వెళ్లొచ్చే పని ఉంటే పెద్ద ఇంజన్ తీసుకోమని నేనే చెబుతాను. ఏడాదికి మూడుసార్లు ఊరెళ్లడానికి, మిగతా రోజులన్నీ వన్‌టౌన్ సందుల్లో తిరగడానికైతే ఆ ఖర్చు దండగ. ఆల్టో కే10 నాలుగున్నర మీటర్ల వ్యాసార్థంలో తిరిగేస్తుంది. కూరగాయల మార్కెట్ దగ్గర ఆ సుఖం ఏంటో వాడినవాళ్లకే తెలుసు.

అపోహ: ఎస్‌యూవీ అని రాసుంటే అది పెద్ద కారు.

వాస్తవం: పేరు చూడకండి, కొలత చూడండి. హ్యుందాయ్‌వాళ్ల ఎక్స్‌టర్ ఎస్‌యూవీ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం), వాళ్లదే చిన్న కారు గ్రాండ్ ఐ10 నియోస్ వీల్‌బేస్ రెండూ 2450 మిల్లీమీటర్లే. ఎత్తు పెరిగింది, స్పీడ్ బ్రేకర్ దగ్గర కింద తగలదు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఎక్కడం తేలిక. ఇవి మంచి కారణాలే. 2024 క్యాలెండర్ ఏడాదిలో దేశంలో మొదటి స్థానం పంచ్‌ది. అందరూ ఎస్‌యూవీ గెలిచిందన్నారు. దాని పొడవు 3.8 మీటర్లు. నా లెక్కలో అదీ చిన్న కారే, ఎత్తు మడమల చెప్పులేసుకుంది.

అపోహ: 15 ఏళ్లు దాటితే తుక్కు కింద వేయాల్సిందే.

వాస్తవం: ఢిల్లీ చుట్టుపక్కల నిబంధనలు విని మనవాళ్లు కంగారుపడి మంచి బండ్లు అయినకాడికి అమ్మేస్తున్నారు. ఇక్కడ సొంత కారుకు ఫిట్‌నెస్ పరీక్ష పాసైతే రిజిస్ట్రేషన్ ఇంకో ఐదేళ్లకు పొడిగిస్తారు. 2025 ఆగస్టు నాటికి కేంద్రం పెట్టిన ఫీజు 5,000 రూపాయలు, బండి 20 ఏళ్లు దాటితే 10,000. గ్రీన్ ట్యాక్స్ వేరే. బండికి కింద తుప్పు లేకపోతేనే పొడిగించుకోండి. తుప్పు పట్టిన ఫ్లోర్‌కు వెల్డింగ్ పట్టీలు వేయించి పాస్ చేయించుకోవడం మాత్రం వద్దు.

అపోహ: సీఎన్‌జీ పెడితే ఇంజన్ పాడవుతుంది.

వాస్తవం: కంపెనీ బిగించిన సీఎన్‌జీతో లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన వ్యాగన్‌ఆర్‌లు నా దగ్గరికి వస్తున్నాయి, ఇంజన్ విప్పకుండానే. స్పార్క్ ప్లగ్గులు వేళకు మార్చాలి, సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో గట్టిదనం చూసే పరీక్ష) చేయించాలి. డిక్కీలో చోటు పోతుందన్నది నిజమే. టాటావాళ్లు ఒక పెద్ద సిలిండర్ బదులు రెండు చిన్నవి కింద పెట్టి ఆ ఇబ్బంది కొంత తగ్గించారు.

అపోహ: ఎలక్ట్రిక్ వస్తే చిన్న కార్లు ఉండవు.

వాస్తవం: జపాన్ చూడండి. అక్కడ 3.4 మీటర్ల లోపు పొడవు, 660 సీసీ మించని కార్లకు ప్రత్యేక వర్గం ఉంది, కెయ్ కార్లంటారు. మన మారుతీ 800 మూలాలు ఆ కుటుంబంలోవే. 2022లో ఆ కొలతల్లోనే నిస్సాన్ సకురా అనే ఎలక్ట్రిక్ కారు వచ్చింది. బ్యాటరీ 20 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) కరెంటు పట్టేదే. అయినా 2022 నుంచి 2024 దాకా వరసగా అక్కడ ఎక్కువ అమ్ముడైన ఎలక్ట్రిక్ కారు అదే. ఊళ్లో తిరిగే బండికి పెద్ద బ్యాటరీ మోయడం అనవసరమని అక్కడివాళ్లకు అర్థమైంది.

మనకు టియాగో ఈవీ, ఎంజీవాళ్ల కామెట్ అనే ఎలక్ట్రిక్ కార్లు ఉన్నాయి. కామెట్ పొడవు మూడు మీటర్లు కూడా లేదు, బ్యాటరీ 17.3 యూనిట్లు. కంపెనీ 230 కిలోమీటర్లు అంటుంది. మే నెల ఎండలో ఏసీతో అంత రాదు, ముందే తెలుసుకుని కొనండి. రోజుకు ముప్పై, నలభై కిలోమీటర్లు తిరిగే ఇంటికి అది సరిపోతుంది. తెలంగాణలో 2026 డిసెంబరు 31 వరకు ఎలక్ట్రిక్ కార్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు, జీఎస్టీ ఎక్కడైనా 5 శాతమే. ఇవి చూసి తొందరపడి బుక్ చేసిన ఒక రిటైర్డ్ మాస్టారు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ప్లగ్గు కోసం రెండు నెలలు తిరిగారు. అందుకే షోరూమ్‌కు వెళ్లేముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, మీ పార్కింగ్ దగ్గర 15 ఆంపియర్ల పాయింట్ వేయడానికి వీలుందో లేదో చూపించండి. ఎర్తింగ్ కూడా చూడమనండి. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే చాలా బండ్లు ఛార్జింగే తీసుకోవు.