చేదు పల్లీ, 249వ స్థానం

పల్లీలు నములుతుంటే ఉన్నట్టుండి ఒక పలుకు చేదుగా తగులుతుంది. ఉమ్మేసి ఇంకో గుప్పెడు నోట్లో వేసుకుంటాం. పాడైన గింజను విప్పి చూస్తే ఒక్కోసారి పసుపు కలిసిన ఆకుపచ్చ బూజు కనిపిస్తుంది. ఆస్పర్జిల్లస్ జాతి బూజైతే అది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేయగలదు. వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే కాలేయ క్యాన్సర్ రావచ్చు. ఎలా వస్తుందో తెలియాలంటే పీ53 అనే ప్రోటీన్ సంగతి చూడాలి.

కాలేయ కణంలోనూ చర్మ కణంలోనూ ఉన్నది ఒకే డీఎన్ఏ. ఎక్కడ ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఊరుకోవాలో తేల్చేవి ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు. డీఎన్ఏ మీద తమకు సరిపడే చోట అతుక్కుని జన్యువును ఆన్ చేస్తాయి, లేదా ఆపేస్తాయి. మనిషిలో ఇలాంటివి దాదాపు 1,600. పీ53 వాటిలో ఒకటి.

దీని పేరులోనే పొరపాటుంది. 1979లో కనుగొన్నప్పుడు బరువు 53 వేల డాల్టన్లని (అణువుల బరువుకు కొలత) లెక్కేశారు. అసలు బరువు 44 వేలు కూడా లేదు. అంతకంటే పెద్ద పొరపాటు ఇంకోటి. కణితుల్లో బాగా కనిపిస్తోంది కదా అని, క్యాన్సర్‌ను పెంచేది ఇదేనని పదేళ్లు నమ్మారు. తీరా చూస్తే ల్యాబుల్లో వాడుతున్న జన్యువుల్లో చాలావరకు చెడిపోయిన నకళ్లే! 1989లో బెర్ట్ వోగెల్‌స్టైన్ బృందం పెద్దపేగు కణితుల్లో చూస్తే, ఈ జన్యువుకు ఉండే రెండు ప్రతుల్లో ఒకటి మాయమైంది, రెండోది పాడైపోయి ఉంది. కాపలావాణ్ని పట్టుకుని ఇన్నాళ్లూ దొంగ అన్నారన్నమాట.

ఈ కాపలా తీరు చిత్రంగా ఉంటుంది. మామూలు రోజుల్లో కణం పీ53ని తయారుచేస్తూనే ఉంటుంది, ఎమ్‌డీఎమ్2 అనే ప్రోటీన్ దాన్ని ఎప్పటికప్పుడు నాశనానికి పంపిస్తూనే ఉంటుంది. పీ53 ఆయుష్షు సుమారు 20 నిమిషాలు. వండి పారబోయడం లాంటి దుబారా అనిపిస్తుంది కానీ, డీఎన్ఏ దెబ్బతిన్న క్షణంలో లాభం తెలుస్తుంది. కొత్తగా వండనక్కర్లేదు, పారబోయడం ఆపితే చాలు. పీ53 గబగబా పోగవుతుంది, నాలుగేసి అణువులు జట్టుకట్టి డీఎన్ఏ మీద కూర్చుంటాయి. ముందు పీ21 జన్యువును లేపి కణ విభజనను ఆపిస్తాయి, మరమ్మతుకు టైమ్ దొరుకుతుంది. దెబ్బ మరీ పెద్దదైతే ప్యూమా, బ్యాక్స్ లాంటి జన్యువుల వంతు వస్తుంది. అప్పుడు మైటోకాండ్రియాకు చిల్లులు పడతాయి, క్యాస్పేజ్ ఎంజైములు కణాన్ని లోపల్నుంచి ముక్కలు చేస్తాయి. ఎండకు బాగా కమిలిన చర్మంలో ఇలా చనిపోయే కణాల వెనక పీ53 హస్తం ఉంటుంది.

పెంచే వైపు చూస్తే మిక్ అనే ఫ్యాక్టర్ ఉంది. విభజన జన్యువులను ఎగదోయడం దాని పని. అయితే 1992లో ఒక విడ్డూరం బయటపడింది. మిక్ విపరీతంగా పనిచేస్తున్న కణానికి పెరుగుదల సంకేతాలు అందకపోతే అది చచ్చిపోతుంది. అంటే పెరగమనే ఆజ్ఞలోనే చావు ఆజ్ఞ కూడా దాగుందన్నమాట. నా లెక్కలో క్యాన్సర్‌ను వట్టి పెరుగుదల జబ్బు అనడం సగం మాటే. చావును తప్పించుకోనిదే కణితి నిలబడలేదు. అందుకేనేమో, మనుషుల క్యాన్సర్లలో దాదాపు సగంలో పీ53 జన్యువు పాడై ఉంటుంది.

ఇక మన పల్లీ. అఫ్లాటాక్సిన్‌ను కాలేయం విరగ్గొట్టబోయి, ఇంకా ప్రమాదకరమైన రూపంలోకి మారుస్తుంది. డీఎన్ఏ రాతంతా ఎ, టి, జి, సి అనే నాలుగు రసాయన అక్షరాలే; ఆ రూపం జి అక్షరానికి అతుక్కుంటుంది. పీ53 గొలుసులో అమైనో ఆమ్లాలనే పూసలు 393 ఉంటే, జన్యువులో 249వ పూసకు రాసిన సంకేతంలో చివరి జి పోయి టి వస్తుంది. ఆర్జినిన్ అనే పూస బదులు సెరైన్ అనేది చేరుతుంది. ఒక్క అక్షరం తేడాతో ఆ ప్రోటీన్ డీఎన్ఏను సరిగా పట్టుకోలేకపోతుంది. జట్టులో చెడిన అణువు చేరితే మంచివాటి పని కూడా కుంటుపడుతుంది. అఫ్లాటాక్సిన్ ఎక్కువున్న చైనాలోని చీడాంగ్‌లోనూ, ఆఫ్రికా దక్షిణ ప్రాంతంలోనూ రోగుల కాలేయ కణితుల్లో పదేపదే ఇదే మార్పు కనిపించిందని 1991లో వెల్లడైంది. హెపటైటిస్ బి కూడా ఉంటే ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

కాయ ఊరే దశలో వాన ముఖం చాటేస్తే ఈ బూజు చేలోనే పట్టుకుంటుంది. అనంతపురం రైతుకు ఆ బెట్ట కొత్తది కాదు. పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఏళ్లుగా దీనిమీద పనిచేస్తున్నారు, తక్కువ ఖర్చులో విషాన్ని పసిగట్టే పరీక్ష కూడా తయారుచేశారు. పీకిన కాయను తేమ 8 శాతానికి దిగేదాకా ఎండబెట్టడం, ముడుచుకున్న గింజల్నీ రంగు మారిన గింజల్నీ ఏరి పారేయడం మాత్రం ఇప్పటికీ కళ్లంలోనూ చేటలోనూ జరగాల్సిన పనులే.