ఎద్దులు ముందు చెప్పిన జబ్బు

మా వైపు పెళ్లిచూపుల్లో పిల్ల నోరు తెరిచి నవ్వేదాకా ఏవో మాటల్లో పెట్టేవాళ్లని పెద్దవాళ్లు చెబుతారు. పళ్లు చూడ్డానికన్న మాట. గార పళ్లు కనిపిస్తే ఏ ఊరి నీళ్లు తాగి పెరిగిందో తెలిసిపోయేది. కనిగిరి, పొదిలి, దర్శి చుట్టుపక్కల ఊరి పేరేదైనా చెబితే "ఫ్లోరిన్ నీళ్ల ఊరా?" అని అడగడం ఇప్పటికీ పోలేదు.

తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఈ జబ్బు పేరు ఫ్లోరోసిస్. దీన్ని మన దేశంలో మొదట పసిగట్టింది డాక్టర్లు కాదు, రైతులు. అదీ మనుషుల్లో కాదు, ఎద్దుల్లో. కీళ్లు బిగుసుకుపోయి, నొప్పితో ఎద్దు అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతోందని అప్పటి నెల్లూరు జిల్లా రైతులు గమనించారు. ఒంగోలు జాతి ఎద్దుకి పేరు మోసిన సీమలో ఎద్దు నడవలేకపోవడం అంటే చిన్న విషయం కాదు. కొన్నేళ్ల తర్వాత, 1937లో, మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు అదే జబ్బుని మనుషుల్లో చూసి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాశారు. అప్పటికి కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా (తర్వాత దాని పేరే ప్రకాశం అయింది) ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లాయి. అందుకే ఫ్లోరోసిస్ చరిత్ర రాసేవాళ్లు కొందరు నెల్లూరు అంటారు, కొందరు ప్రకాశం అంటారు. ఇద్దరూ చెప్పేది ఒకే నేల గురించి. అన్నట్టు, 1948లో గార్న్‌హామ్‌తో కలిసి మలేరియా పరాన్నజీవి మనిషి కాలేయంలో దాక్కునే దశని కనిపెట్టింది కూడా ఈ షార్ట్ దొరగారే. ఆయన పేరు మలేరియా పాఠాల్లో వస్తుంది కానీ మన నీళ్ల దగ్గర రాదు.

పళ్ల సంగతి అమెరికాలో తేలింది. కొలరాడో స్ప్రింగ్స్‌కి 1901లో వచ్చిన ఫ్రెడరిక్ మెకే అనే పళ్ల డాక్టరు అక్కడి వాళ్ల పళ్ల మీద గోధుమరంగు మరకలు చూసి, కారణం కోసం ముప్ఫై ఏళ్లు తిరిగాడు. నీళ్లలోనే ఏదో ఉందని అనుమానం. అది ఫ్లోరైడ్ అని 1931లో తేల్చింది మాత్రం ఒక అల్యూమినియం కంపెనీలో పనిచేసే చర్చిల్ అనే కెమిస్టు. ఆ మరకల పళ్లు తొందరగా పుచ్చిపోవని కూడా మెకే గమనించాడు. టూత్‌పేస్టులోకి ఫ్లోరైడ్ వచ్చిన దారి అదే.

ఒకే పదార్థం అక్కడ పంటికి కాపలా, ఇక్కడ నడుముకి శత్రువు ఎలా అయింది? ఎముకా, పన్నూ రెండూ ప్రధానంగా హైడ్రాక్సీఅపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికాలతో తయారవుతాయి. ఆ స్ఫటికంలో హైడ్రాక్సిల్ అయాన్‌కి ఒక చోటు ఉంటుంది. ఫ్లోరైడ్ అయాన్ దాదాపు అంతే సైజు, విద్యుదావేశం కూడా అదే. పండగ రోజుల్లో పొదిలి బస్టాండులో కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకునేవాణ్ణి చూశారా? ఫ్లోరైడ్ చేసేది అదే. పట్టుకున్నాక లేవదు. హైడ్రాక్సిల్ కూర్చున్న స్ఫటికం కంటే ఫ్లోరైడ్ కూర్చున్న స్ఫటికం గట్టిగా కుదురుకుంటుంది, ఆమ్లానికి అంత తేలిగ్గా కరగదు. అందుకే కొంచెమైతే పంటికి మంచిది.

ఎక్కువైతే కథ మారుతుంది. చిన్నపిల్లల చిగుళ్ల లోపల పన్ను ఇంకా తయారవుతుండగా ఫ్లోరైడ్ మోతాదు మించితే ఎనామిల్ కట్టే కణాల పని చెడుతుంది. ఎనామిల్ చిక్కబడకుండా సన్న సన్న రంధ్రాలతో మిగిలిపోతుంది. పన్ను బయటికొచ్చాక ఆ రంధ్రాల్లోకి రంగు దిగుతుంది. కాబట్టి గార పళ్లు శుభ్రత లేకపోవడం వల్ల వచ్చినవి కావు. ఏ పళ్లపొడితో తోమినా ఆ మరక పోదు. ఇంకో సంగతి. దాదాపు ఎనిమిదేళ్లు వచ్చేసరికి ముందు పళ్ల ఎనామిల్ పని పూర్తవుతుంది. మంచి నీళ్ల ఊరి నుంచి ఇరవై ఏళ్లకి కోడలిగా వచ్చిన మనిషి పళ్లు తెల్లగానే ఉంటాయి. నడుము మాత్రం ఈ ఊరిదే అవుతుంది.

ఎందుకంటే ఎముక పన్నులా ఒకసారి కట్టి వదిలేసే కట్టడం కాదు. దాన్ని కొన్ని కణాలు రోజూ కూలుస్తుంటే కొన్ని కడుతుంటాయి. ఫ్లోరైడ్ కట్టే కణాలని రెచ్చగొడుతుంది. ఒంట్లో చేరిన ఫ్లోరైడ్‌లో 99 శాతం ఎముకల్లో, పళ్లలోనే ఉంటుంది. ఏళ్లు గడిచే కొద్దీ ఎముక మందమవుతుంది, ఎముకలని కలిపే లిగమెంట్లు కూడా గట్టిపడతాయి, వెన్నుపూసలన్నీ కలిసి ఒక కర్రలా బిగుసుకుంటాయి. మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి. వెన్నుపాము నడిచే దారి ఇరుకై నరాలు నలిగితే కాళ్లు పడిపోతాయి. ఎక్స్‌రేలో మాత్రం ఆ ఎముక సుద్దముక్కలా తెల్లగా, ఎంతో దిట్టంగా కనిపిస్తుంది.

ఆ దిట్టం చూసి డాక్టర్లే ఒకసారి బోల్తా పడ్డారు. ముసలితనంలో ఎముకలు గుల్లబారిన ఆడవాళ్లకి ఫ్లోరైడ్ ఇస్తే బలపడతాయి కదా అనుకున్నారు. అమెరికాలో 202 మంది మీద నాలుగేళ్లు పరీక్షించి, 1990లో ఫలితాలు ప్రకటించారు. సగం మందికి రోజూ 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ ఇచ్చారు. వాళ్ల నడుము ఎముకల సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసలు విరగడం మాత్రం చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం పెరిగింది. ఇది చదివాక కాగితం తీసుకుని లెక్క వేశాను. ఆ 75 మిల్లీగ్రాముల్లో అసలు ఫ్లోరైడ్ సుమారు 34. లీటరుకి 4 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు, మే నెల ఎండలో పనికెళ్లే మనిషి రోజుకి అయిదు లీటర్లు తాగితే 20. అక్కడ మందుబిళ్లగా నాలుగేళ్లు ఇచ్చి ఆపేసినదాంట్లో సగానికి పైగా ఇక్కడ చెంబుతో జీవితమంతా తాగారు. తాగే నీళ్లలో లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణం. ఎంత తాగుతామన్నది కూడా చూడాలి మరి.

ఫ్లోరైడ్‌ని లాక్కోవాలని ఎముకకి ఉన్న ఆత్రాన్నే ఆస్పత్రుల్లో మంచికి వాడుకుంటున్నారు. రేడియోధార్మిక ఫ్లోరిన్-18ని సోడియం ఫ్లోరైడ్ రూపంలో రక్తంలోకి ఎక్కిస్తే, ఎక్కడ ఎముక హడావిడిగా కట్టుబడుతోందో అక్కడికి పోయి చేరుతుంది. క్యాన్సర్ ఎముకకి పాకితే ఆ చోటు పెట్ స్కాన్‌లో వెలుగుతుంది. 110 నిమిషాలకి సగం అయిపోతుంది కాబట్టి ఒంట్లో మిగిలి ఉంటుందన్న భయం లేదు.

ఇంతకీ ఆ ఫ్లోరైడ్ నీళ్లలోకి ఎక్కడిది? రాయి నుంచి. కనిగిరి గ్రానైట్‌లో ఫ్లోరైట్ అనే ఖనిజం ఉంది. పగుళ్లలో నిలిచిన నీరు ఏళ్ల తరబడి రాయిని నాకుతూ ఉంటుంది. నీళ్లలో కాల్షియం ఎక్కువుంటే అది ఫ్లోరైడ్‌ని పట్టి కిందకి దించేస్తుంది. సోడియం, బైకార్బొనేట్ ఎక్కువై కాల్షియం తగ్గిన నీళ్లలో దానికి అడ్డు లేదు. అంటే సబ్బు బాగా నురగొచ్చే మెత్తటి నీళ్లే కొన్నిసార్లు ఎక్కువ ప్రమాదం. రంగు లేదు, వాసన లేదు, నాలుకకి తెలియదు. కాచి చల్లార్చితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది.

తీసేసే పద్ధతులు ఇంజనీర్లు చాలానే చెప్పారు. నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ని మడ్డితోపాటు అడుక్కి దించుతారు. చవకే, కానీ పాళ్లు కుదరాలి, ఆ మడ్డిని ఎక్కడో పారబోయాలి. ఇప్పుడు ఊరూరా ఆర్ఓ ప్లాంట్లు, 20 లీటర్ల క్యాన్లు. ఆ ప్లాంట్లలో నీళ్లని వడకట్టే పొర ఫ్లోరైడ్‌తోపాటు కాల్షియాన్నీ ఆపేస్తుంది. ఫ్లోరైడ్ చిక్కబడ్డ వ్యర్థ నీరు ప్లాంటు వెనక కాలవలోకి పోయి, మళ్లీ అదే నేలలోకి ఇంకుతుంది.

అసలు మందు పైనుంచి వచ్చే నది నీళ్లే. సాగర్ నీళ్లు వచ్చిన ఊళ్లలో పిల్లల పళ్లు మారాయని అంటారు. అందులోనూ ఒక మెలిక ఉంది. పిల్లలు మోకాళ్లు రాసుకుంటూ నడిచే కొత్త రకం ఫ్లోరోసిస్ గురించి హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకి చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో లాన్సెట్‌లో రాశారు. దానికి వచ్చిన వివరణ ఇది: నాగార్జునసాగర్ కట్టాక చుట్టుపక్కల భూమిలో నీటి మట్టం పెరిగింది, నేల తీరు మారింది, జొన్నలోకి మాలిబ్డినం అనే లోహం ఎక్కువగా చేరింది, అది ఒంట్లో రాగిని తరిమేసింది. డ్యామ్ కట్టినవాళ్ల లెక్కల్లో జొన్న సంకటి ఎందుకుంటుంది?

ఆ సంస్థ వాళ్లే 2002లో ఇంకో ముచ్చట చెప్పారు. బడిపిల్లలకి రోజుకి 10 గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు పెడితే మూత్రంలో పోయే ఫ్లోరైడ్ పెరిగిందట. కొద్దిమంది పిల్లల మీద చేసిన చిన్న పరీక్ష, మందు అనుకోకూడదు. అయినా ఫోన్‌లో అమ్మకి చదివి వినిపించాను. "మనం పులుసు మానేస్తేగా!" అని మురిసిపోయింది. పోయిన నెల ఊరెళ్లినప్పుడు వంటింట్లో చూశాను. తాగడానికి క్యాన్ నీళ్లు. కొనుక్కునే నీళ్లు కదా, వంటకి పొయ్యబుద్ధి కాదట. చింతపండు నానేసింది బోరు నీళ్లలోనే.