మల్లికి పచ్చి మాంసం: పిలకాయలకు తాత రాసిన లెక్క

కావలి,
ఆదివారం పొద్దున.

పెద్దోడికీ, చిన్నమ్మాయికీ తాత ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. అన్నం కుక్కకు అరగదని విని, మీ కుక్క మల్లికి అన్నం మానిపించి ఇకమీదట పచ్చి మాంసమే పెట్టాలని మీరిద్దరూ తీర్మానించుకోవడం, "నెలనెలా అంత డబ్బు యాడ తెచ్చేది" అని మీ నాయన కసరడం, మధ్యలో నన్ను తీర్పు చెప్పమనడం, అంతా చదివాను. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా ముప్పై ఏళ్లు చేసినవాణ్ణి కాబట్టి నన్నడిగారు. మంచిపనే చేశారు. తీర్పు సంగతి తరవాత, ముందు లెక్క వేద్దాం.

పచ్చి ఎముకలూ మాంసమూ కుక్కకు సహజమైన తిండి అనే మాటకు 1990ల్లో ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ అనే ఆస్ట్రేలియా పశువైద్యుడు బాగా ప్రచారం తెచ్చాడు. ఇప్పుడు ఈ తిండి పెట్టేవాళ్లు ఎక్కువమంది చెప్పే కొలత ఇది: ఎదిగిన కుక్కకు రోజుకు దాని బరువులో నూటికి రెండు నుంచి మూడు వంతులు. అందులో పదింట ఎనిమిది పాళ్లు కండ, ఒక పాలు ఎముక, ఒక పాలు లోపలి భాగాలు. ఆ లోపలి భాగాల్లో సగం కార్జం.

మల్లి పదిహేను కిలోలు ఉందనుకోండి. నూటికి రెండున్నర చొప్పున రోజుకు 375 గ్రాములు. నెలకు పదకొండు కిలోల పైచిలుకు. కోడిమాంసం కిలో 220 రూపాయలున్న రోజుల్లో అది 2,475 రూపాయలు. మీరిద్దరూ కూడబెట్టుకున్నది నెలకు వెయ్యి. సగం కూడా రాదు.

అక్కడితో అయిపోలేదు. శుభ్రం చేసిన కోడిలో బరువుకు మూడోవంతు దాకా బొమికే ఉంటుంది. అదే రోజూ పెడితే కుక్కకు మలబద్ధకం పట్టి, సున్నంముక్కల్లాగా తెల్లగా, గట్టిగా వెళ్తుంది. అందుకని బొమికెల్లేని కండ కలపాలి, దాని ధర ఇంకా ఎక్కువ. ఖర్చు తగ్గాలంటే కందనకాయలు, గుండెకాయలు కొనండి, అవి కండ కిందకే వస్తాయి. కార్జం చవగ్గా దొరుకుతుంది కదా అని గిన్నెడు పెట్టకండి. దాంట్లో విటమిన్-ఎ చాలా ఎక్కువ. మల్లికి వారం మొత్తానికి 130 గ్రాములు చాలు.

ఇంకో మాట. దుకాణం వెనక డ్రమ్ములో పడేసిన వేస్టు ఉచితంగా ఇస్తారని పెద్దోడు రాశాడు. అది మాత్రం ముట్టుకోవద్దు నాయనా. మన నెల్లూరు ఎండలకు పొద్దున ఏడింటికి కోసింది పది గంటలకే వాసన పడుతుంది. డ్రమ్ములోది ఎప్పటిదో చెప్పేవాళ్లుండరు. 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే, పొదలకూరు, కోవూరు మండలాల్లో, కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చింది. 2004లో థాయ్‌లాండ్‌లో ఆ జబ్బు పడిన బాతుల్ని తిని ఒక కుక్క చచ్చిపోయింది.

ఫ్రీజరు లెక్క మీరు వేసుకోలేదు. పదకొండు కిలోలు మీ ఇంటి ఫ్రిజ్ పైఅరలో పట్టదు. పట్టినా తుపాను రోజుల్లో కరెంటు పోతే ఏం చేస్తారు? 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చినప్పుడు మా వీధిలో ఒకాయన కుక్క కోసం దాచుకున్న మాంసమంతా నీళ్లయి, చివరికి గొయ్యి తీసి పూడ్చాడు. గడ్డకట్టిస్తే సాల్మొనెల్లా లాంటి క్రిములు చావవు, నిద్రపోతాయి. కరగగానే లేస్తాయి. మల్లి పచ్చిది తిన్న మూతితోనే చిన్నమ్మాయి చెయ్యి నాకుతుంది.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదవండి. మీకు జవాబు రాయడానికి కూర్చున్నదే దీనికోసం.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఉదయగిరి వైపు ఒక ఊళ్లో, సంతనాడు గొర్రెల్ని కోసేచోటికి డాక్టరు గారితో వెళ్లాను. ఒక పొట్టేలు కార్జం బయటికి తీశారు. దానిమీద అక్కడక్కడా ద్రాక్షపండంత తెల్లటి బుడగలు. డాక్టరు గారు కత్తిమొనతో ఒకటి గుచ్చితే మంచినీళ్లలాంటి నీళ్లు చిమ్మాయి. అడుగున తెల్లటి సన్న ఇసుకలాంటిది మిగిలింది. "ఆ ఇసుకలో ప్రతి రేణువూ ఒక పురుగు పిల్లే" అన్నారాయన. మేం చూస్తుండగానే, పనికిరాదని పక్కన పెట్టిన ఊపిరితిత్తులు ఎవరో విసిరేశారు, కాచుక్కూచున్న కుక్క నోట కరుచుకుని పోయింది.

ఆ బుడగల్ని హైడాటిడ్ తిత్తులంటారు. పచ్చిగా తిన్న కుక్క పేగుల్లో వాటిలోని పిల్లలు బద్దెపురుగులవుతాయి, బియ్యపు గింజకంటే పెద్దవి కావు. కుక్క చూడ్డానికి హాయిగానే ఉంటుంది. దాని పెంటలో గుడ్లు పడతాయి, బొచ్చుకు అంటుకుంటాయి. ఆ గుడ్లు గడ్డిమీద నుంచి గొర్రెకు, చేతుల మీద నుంచి మనిషికి. మనిషి కార్జంలో ఆ తిత్తి ఏళ్లతరబడి మెల్లగా పెరుగుతుంది. మాకు తెలిసిన ఒకామెకు కడుపు కోసి తీశారు, కొబ్బరికాయంత ఉందన్నారు. ఆ ఆపరేషను ఖర్చు ఏ నెల లెక్కలో వేస్తారు? నెల్లూరు గొర్రెలకు పేరుపడ్డ జిల్లా మనది, సందుకో మటన్ కొట్టు ఉంటుంది, కార్జం, ఊపిరితిత్తులు తేలిగ్గా దొరుకుతాయి. గొర్రెదీ మేకదీ ఏ లోపలి భాగమైనా మల్లికి పచ్చిగా పెట్టొద్దు. బాగా ఉడికిస్తే ఆ పురుగు చస్తుంది. కడుపులో పురుగులు పోవడానికి ఇచ్చే, ప్రాజిక్వాంటెల్ కలిసిన మందు ఎన్నాళ్లకొకసారి వెయ్యాలో డాక్టర్ని అడిగి, మరవకుండా వేయించండి.

అందుకని నా మాట ఇది: వండి పెట్టండి. అన్నం కుక్కకు అరగదని మీరు విన్నది నిజం కాదు. 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు తోడేళ్లవీ కుక్కలవీ జన్యువులు పోల్చి చూశారు. పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు కుక్కలో చాలా ఎక్కువ ప్రతులుగా ఉందని తేల్చారు. మనిషి పక్కన వేల ఏళ్లు బతికిన జీవి అది.

రోజుకు 180 గ్రాముల కోడిమాంసం, కందనకాయలు కలిపి, ఉప్పూ కారం లేకుండా ఉడికించి, బొమికెలన్నీ ఏరెయ్యండి. ఉడికిన బొమిక సూదుల్లాగా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. ఉల్లిపాయ, వెల్లుల్లి తగలనివ్వద్దు, అవి కుక్క రక్తంలోని ఎర్రకణాల్ని పాడుచేస్తాయి. అందులో మెత్తటి అన్నం, కాస్త గుమ్మడికాయ. వారానికి రెండుసార్లు ఉడికిన గుడ్డు. తుమ్మలపెంట నుంచి కవళ్ల చేపలు వచ్చినప్పుడు నాలుగు, ఉడకబెట్టి ముళ్లు తీసి. నెలకు మాంసం ఐదున్నర కిలోలు, పన్నెండు వందల చిల్లర. మీ వెయ్యికి మిగతాది మీ నాయన్ని నేను ఒప్పిస్తాను.

బొమిక తీసేశాం కాబట్టి అందులో ఉండే కాల్షియం మనమే ఇవ్వాలి. ఒట్టి మాంసం తిని కాళ్లు వంకరపోయి, లేవలేక దేకిన కుక్కపిల్లను మా ఆసుపత్రిలో నేను ఎత్తి బల్లమీద పడుకోబెట్టాను, ఆ బరువు ఇంకా చేతుల్లో ఉంది. గుడ్డుపెంకులు కడిగి, ఎండబెట్టి, పెనం మీద వేయించి, మిక్సీలో వేసి, పలచటి గుడ్డలో జల్లించండి. వేళ్లమధ్య రుద్దితే ముగ్గుపిండిలా ఉండాలి, గరుకు తగలకూడదు. మల్లికి రోజుకు అర టీస్పూను. మీ అమ్మమ్మ ఇప్పటికే ఒక డబ్బా నింపింది, వచ్చేవారం దర్గామిట్టకు వచ్చే మీ మామ చేతికిచ్చి పంపుతాం.

అయితే నేనింత రాసింది పదిహేను కిలోలని ఊహించుకుని. ఈరోజే మల్లిని ఎత్తుకుని పెద్దోడు తూకం మిషన్ మీద నిలబడాలి, తరవాత ఒక్కడే నిలబడాలి. రెండింటికీ తేడా రాసి పంపండి, కొలతలు సరిచేసి మళ్లీ రాస్తాను.

మీ తాత