రెండు రంగుల నడుమ బూడిద

విశాఖ డాబా గార్డెన్స్‌లో ఫ్లెక్సీ డిజైన్లు చేసే కుర్రాడొకడు పోయిన వారం ఫోన్ చేశాడు. ఒకప్పుడు నా దగ్గర ఫిజిక్స్ చదువుకున్నవాడే. "మాస్టారూ, ఇంట్లో గింప్‌లో ఒక గ్రేడియంట్ చేసుకున్నానండి. కింద పసుపు, పైన నీలం, ఆర్కే బీచ్‌లో తెల్లారుతున్నట్టు. షాపు సిస్టమ్‌లో ఇంక్‌స్కేప్ ఉంది కదా అని కన్వర్టర్‌లో వేసి, ఎస్‌వీజీగా మార్చి తెచ్చాను. పసుపు పసుపులాగే ఉంది, నీలం నీలంలాగే ఉంది. నడుమ మాత్రం బూడిద చల్లినట్టుంది. ఫైలు పాడైందంటారా?"

ఫైలు పాడవలేదు. గింప్, ఇంక్‌స్కేప్ కంప్యూటర్లో బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్లు, ఎస్‌వీజీ ఇంక్‌స్కేప్ వాడే ఫైలు రకం. గ్రేడియంట్ అంటే ఒక రంగు నుంచి ఇంకో రంగుకి మెల్లగా మారే పూత. గ్రేడియంట్ ఫైల్లో నడిమి రంగులు ఉండనే ఉండవు. కొసల రంగులుంటాయి, అవి ఎక్కడెక్కడ నిలబడాలో ఉంటుంది. నడిమివాటిని ఏ సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఆ సాఫ్ట్‌వేర్ అప్పటికప్పుడు లెక్కగట్టి పుట్టిస్తుంది. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఒకే అంకెల పద్ధతి) రాకముందు డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కూర్చే పని) చేసినవాళ్లకు ఇది చిటికెలో అర్థమవుతుంది. మన సిస్టమ్‌లో చక్కగా కనిపించిన తెలుగు పేజీని ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే ఇంగ్లిషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు కలగాపులగంగా వచ్చేవి. ఫైల్లో అంకెలు ఒక్కటీ మారేవి కావు. వాటిని చదివే పద్ధతి మాత్రం ఫైలుతో పాటు ప్రయాణం చేసేది కాదు. గ్రేడియంట్‌దీ అదే కథ.

ఆ గింప్ ఫైల్ని (జీజీఆర్ అంటారు) నోట్‌ప్యాడ్‌లో తెరవమన్నాను. ఎవరైనా తెరవొచ్చు, అది మామూలు టెక్స్టే. మొదటి వరసలో "గింప్ గ్రేడియంట్" అని, రెండో వరసలో పేరు, మూడో వరసలో ఎన్ని ముక్కలో ఆ లెక్క. మనవాడి ఫైల్లో అక్కడ 1 ఉంది. నాలుగో వరసలో అంకెల బారు: ముక్క ఎడమ కొస 0, నడుమ 0.5, కుడి కొస 1. తర్వాత పసుపు 1, 1, 0, దాని వెనక పారదర్శకతకు 1. తర్వాత నీలం 0, 0, 1, మళ్లీ 1. ఆపైన కొన్ని చిన్న అంకెలు. మొదటిది రంగు ఏ వేగంతో మారాలో చెబుతుంది. రెండోది ఏ దారిన మారాలో చెబుతుంది. కథంతా ఈ రెండో అంకెలో ఉంది.

అది 0 అయితే దారి నేరుగా పోతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ విడివిడిగా సగటు తీయడమే. ఫైల్లో 1 అన్నది స్క్రీన్ లెక్కలో 255. అంటే 255, 255, 0 పసుపు. 0, 0, 255 నీలం. సగటు 128, 128, 128. మూడూ సమానమైతే అది బూడిద రంగే! రెండు నిండు రంగుల నడుమ రంగే లేని చోటు పుట్టింది. రంగుల చక్రంలో పసుపు, నీలం ఎదురెదురుగా కూర్చుంటాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి నేరుగా గీత గీస్తే అది చక్రం నడిబొడ్డు గుండా పోక తప్పదు, ఆ నడిబొడ్డే బూడిద.

అదే అంకె 1 అయితే గీత నేరుగా పోకుండా చక్రం అంచు పట్టుకుని తిరుగుతుంది. పసుపు 60 డిగ్రీల దగ్గర, నీలం 240 దగ్గర. సగం దారిలో 150, అంటే కాస్త నీలం కలిసిన నిండు ఆకుపచ్చ. 2 వేస్తే అవతలి వైపు నుంచి తిరుగుతుంది, సగం దారిలో 330, ముదురు గులాబీ. కొసలు అవే, ఒక్క అంకె తేడాతో బూడిద, ఆకుపచ్చ, గులాబీ! మనవాడు ఇంట్లో 1 పెట్టుకున్నాడు. ఎస్‌వీజీ గ్రేడియంట్‌లో స్టాపులకే (ఏ చోట ఏ రంగో చెప్పే గుర్తులకే) చోటుంది, చక్రం చుట్టూ తిరగమని చెప్పే వీలు లేదు. కన్వర్టర్ కొసలు రెండూ జాగ్రత్తగా మోసుకొచ్చి, ఆ అంకెను దారిలో వదిలేసింది.

"పసుపూ నీలం కలిస్తే ఆకుపచ్చ అని డ్రాయింగ్ మాస్టారు చెప్పారు కదండీ?" అన్నాడు. ఈ పాఠాన్ని మనం బడిలో సగమే చెప్పి వదిలేస్తున్నామని నాకు ఎప్పటి నుంచో బాధ. ఏటికొప్పాక బొమ్మల మీద లక్కలో చేరే రంగుల్ని తీసుకోండి. పసుపు కొమ్ము రంగు తెల్లని వెలుగులోని నీలాన్ని మింగేస్తుంది. నీలిమందు ఎరుపు, నారింజ వైపు వెలుగుని మింగేస్తుంది. రెండూ కలిస్తే ఇద్దరూ వదిలిపెట్టిన ఆకుపచ్చే మన కంటికి మిగులుతుంది. అక్కడ జరిగేది తీసివేత. స్క్రీన్ మీద వెలుగుకి వెలుగు తోడవుతుంది. రెండూ నిజమే, రెండూ ఒకే తరగతిలో పక్కపక్కన చెప్పాలి.

బూడిదలో కూడా రెండు రకాలున్నాయి. 128 అంటే 255లో సగం కాబట్టి వెలుగు కూడా సగమే అనుకుంటాం. కాదు, సుమారు 22 శాతమే. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ ప్రతిపాదించిన ఎస్‌ఆర్‌జీబీ అనే స్క్రీన్ రంగుల పద్ధతిలో అంకెలు వెలుగుతో సమానంగా పెరగవు. చీకటి ఛాయల్లో చిన్న తేడాలను కన్ను బాగా పట్టుకుంటుంది కాబట్టి ఎక్కువ అంకెలు అటే కేటాయించారు. నిజంగా సగం వెలుగు కావాలంటే అంకె 188 దగ్గర ఉండాలి. అందుకే వెలుగు లెక్కన సగటు తీసే సాఫ్ట్‌వేర్‌లో అదే గ్రేడియంట్ నడుమ తేటగా కనిపిస్తుంది. అయినా బూడిద బూడిదే. 2020 డిసెంబరులో బ్యోర్న్ ఒట్టోసన్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఓక్‌ల్యాబ్ అనే రంగుల కొలత ప్రకటించాడు. కంటికి కనిపించే తేడాలు సమానంగా ఉండేలా అందులో అంకెలు సర్దాడు. అందులో పసుపు, నీలాల సగటు నేను కాగితం మీద వేసి చూశాను. సుమారు 107, 172, 199 వచ్చింది. ఎండెక్కాక రుషికొండ దగ్గర నీళ్లు ఉండే రంగు అది! ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఫొటోషాప్ గ్రేడియంట్లలో ఇప్పుడు క్లాసిక్, లీనియర్, పర్సెప్చువల్ అని వేర్వేరు పద్ధతులు కనిపించేది ఈ తేడా వల్లే.

పాలెట్ల (విడివిడి రంగుల జాబితాల) విషయంలో ఈ గొడవ లేదు. వాటిలో నడిమి రంగులే ఉండవు. జీపీఎల్ ఫైలు గింప్, ఇంక్‌స్కేప్, క్రిటా మూడింట్లోనూ తెరుచుకుంటుంది, వరసకి మూడు అంకెలు, ఒక పేరు. అడోబీ సాఫ్ట్‌వేర్ల మధ్య అయితే ఏఎస్‌ఈ అనే పాలెట్ ఫైలు. అందులో గ్రేడియంట్లు పట్టవని గుర్తుంచుకోండి. రాశికి కలిసొచ్చే నీలమే వేయమని పట్టుబట్టే కస్టమర్లున్నారని మనవాడు అన్నాడు. 0, 0, 255 నీలం స్క్రీన్ మీదే ఉంటుంది. నాలుగు ఇంకుల ప్రింటర్ ఆ రంగును ఫ్లెక్సీ మీదకు తేలేదు. అది కస్టమర్‌కి ముందే విడమర్చి చెప్పడం మంచిది.

ఇంకో లెక్క. ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి కాబట్టి పదడుగుల ఎత్తు ఫ్లెక్సీలో ఒక్కో మెట్టు 12 మిల్లీమీటర్ల పట్టీ అవుతుంది. దగ్గరికెళ్తే గీతలు తెలుస్తాయి. కొంచెం నాయిస్ (సన్నని చుక్కల గరుకు) కలిపితే అవి చెదిరిపోతాయి.

మరి తెల్లవారే ఆకాశం సంగతి? నడిమి రంగుల్ని సాఫ్ట్‌వేర్ ఇష్టానికి వదలకుండా మనమే ఫైల్లో రాసేయాలి. మొన్న ఆదివారం ఇద్దరం సూర్యోదయానికి ముందే బీచ్‌కి వెళ్లాం. నీటి అంచున నారింజ, దానిపైన పసుపు, ఆపైన రవ్వంత ఆకుపచ్చ జాడ ఉన్న పాలతెలుపు, తర్వాత లేత నీలం, నెత్తిన ముదురు నీలం. ఎక్కడా బూడిద లేదు. ఫోన్లో ఫొటో తీసి, షాపుకొచ్చి, కింది నుంచి పైకి తొమ్మిది చోట్ల ఐడ్రాపర్‌తో (బొమ్మలో నొక్కిన చోటి రంగును పట్టుకునే పనిముట్టుతో) రంగు తీసుకుని తొమ్మిది స్టాపులు పెట్టాడు. పక్కపక్క స్టాపుల మధ్య తేడా అంత తక్కువైతే సాఫ్ట్‌వేర్ ఏ దారిన వెళ్లినా ఇంచుమించు అదే రంగు వస్తుంది. ఈసారి ఎస్‌వీజీలో కూడా ఆకాశం ఆకాశంలాగే వచ్చింది. గింప్ ఫైల్ని మళ్లీ నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూశాం. మూడో వరసలో 1 ఉన్న చోట ఇప్పుడు 8 ఉంది.