రంగును పాలిమర్‌కు ఎందుకు కట్టాల్సి వచ్చింది?

1900లో మ్యూనిక్ వైద్య విద్యార్థి ఆస్కార్ రాబ్ ఒక వింత సంగతి బయటపెట్టాడు. అక్రిడిన్ రంగు కలిపిన నీళ్లలో పారమీసియంలు అనే ఏకకణ జీవులు ఒకసారి తొందరగా చచ్చిపోతున్నాయి, మరోసారి చాలాసేపు బతికే ఉంటున్నాయి. అదే రంగు, అవే నీళ్లు. మారిందల్లా వాటి మీద పడ్డ వెలుగు.

వెలుగు తగిలిన రంగు ఆ శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కు అందిస్తుంది. అప్పుడు పుట్టే సింగ్లెట్ ఆక్సిజన్, అంటే శక్తి పుంజుకుని చురుగ్గా మారిన ఆక్సిజన్, నీళ్లలో కొన్ని మైక్రోసెకన్లే ఉంటుంది. ఆలోపే దగ్గరున్న కణాన్నో, మలినాన్నో దెబ్బతీస్తుంది.

అసలు తలనొప్పి ఆ తర్వాతే. ఇలా పనిచేసే రోజ్ బెంగాల్ అనే రంగును చిటికెడు వేస్తే గ్లాసు నీళ్లంతా ఎర్రబడతాయి. పని అయ్యాక దాన్ని బయటికి తీయడం ఎలా? ఒంట్లోనూ ఇదే ఇబ్బంది. 1993లో కెనడా ఆమోదించిన ఇలాగే వెలుగుతో పనిచేసే క్యాన్సర్ మందు ఫోటోఫ్రిన్ చర్మంలో నిలిచిపోయేది. చికిత్స తీసుకున్నవాళ్లు కనీసం నెల రోజులు ఎండ తగలకుండా ఉండాల్సి వచ్చేది. అప్పటికే జబ్బుతో నలిగినవాళ్లకు అదెంత నరకమో!

వడకట్టేస్తే చాలని 1973లో రోజ్ బెంగాల్‌ను పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్ పూసలకు అంటించారు. తీయడం తేలికైంది కానీ, ఆ పూసలకు నీళ్లు పడవు.

దారి వేరేచోట ఉంది. పాలీ ఎన్-ఐసోప్రొపైల్ అక్రిలమైడ్ అనే పాలిమర్ (చిన్న అణువులు గొలుసులా కలిసిన పొడవాటి అణువు) గురించి 1968లోనే టొరంటోలో హెస్కిన్స్, గిల్లెట్ రాశారు. చల్లటి నీళ్లలో ఇది చక్కగా కరుగుతుంది. సుమారు 32 డిగ్రీలు దాటితే పట్టుకున్న నీటిని వదిలేసి, గొలుసు ముడుచుకుపోతుంది. పరీక్షనాళికను గుప్పిట్లో పట్టుకుంటే చాలు, ఒంటి వేడికే ద్రావణం పాలలా తెల్లబడుతుంది. చల్లటి కుళాయి కింద పెడితే మళ్లీ తేటపడుతుంది. మే నెలలో ఏసీ లేని హైదరాబాద్ గదిలోనైతే గుప్పిట కూడా అక్కర్లేదు.

ఈ గొలుసుకు రంగును కడితే చల్లగా ఉన్నప్పుడు నీళ్లలో కలిసి పనిచేస్తుంది, వేడి చేస్తే విడిపోయి చేతికొస్తుంది. అంతకన్నా పెద్ద విషయం, వేడితోనే చర్య వేగాన్ని అదుపు చేయొచ్చు. 2006లో ఒసాకా పరిశోధకులు రోజ్ బెంగాల్‌తోనే దీన్ని చూపించారు.

నా దృష్టిలో చిక్కంతా ఎంత రంగు కట్టాలన్న దగ్గరే ఉంది. ఎక్కువైతే రంగు అణువులు ఒకదానికొకటి ఆనుకుని, వెలుగు శక్తిని తమలో తామే ఆర్పేసుకుంటాయి. పైగా 32 డిగ్రీల గీత కూడా జరుగుతుంది: నీళ్లు గిట్టని రంగైతే కిందికి, విద్యుదావేశం ఉన్నదైతే పైకి. మందుగా వాడాలంటే ఆ గీత ఒంటి వేడైన 37 డిగ్రీల చుట్టుపక్కల సరిగ్గా కుదరాలి. అందుకే నీళ్లను ఇష్టపడే మరో మోనోమర్‌ను (గొలుసులో కడియం లాంటి చిన్న అణువును) కలుపుతారు, రంగు కడతారు, మళ్లీ మొదటినుంచి ఉష్ణోగ్రత కొలుస్తారు.