చక్కెరకేళి తింటే దిగులు పోతుందా?

అరటిపండులో సెరటోనిన్ అనే, మనసు తీరుతో ముడిపడిన నాడీ రసాయనం ఉంటుందనీ, తింటే దిగులు పోతుందనీ తరచూ వింటుంటాం. మొదటి మాట నిజమే. రెండోదీ నిజమైతే రావులపాలెం మార్కెట్లో గెలలు దించేవారికి బెంగ అంటూ ఉండకూడదు! పండులోని సెరటోనిన్‌కు రక్తంలోంచి మెదడులోకి పోవడం కుదరదు. మన ఒంట్లోని సెరటోనిన్‌లో సుమారు 90 శాతం పేగుల్లోనే తయారవుతుంది. అదీ మెదడుకు చేరదు. మెదడు తనకు కావలసింది తానే వండుకోవాలి.

అందుకు ముడిసరుకు ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం. పప్పు, చేప, గుడ్డు, పాలలోని మాంసకృత్తుల నుంచి వస్తుంది. మెదడులోకి వెళ్లేటప్పుడు దానితో మరికొన్ని అమైనో ఆమ్లాలు పోటీ పడతాయి. ఉట్టి అన్నం తింటే ఇన్సులిన్ పెరిగి, ఆ పోటీదారులను కండరాలు లాగేసుకుంటాయి. ట్రిప్టోఫాన్‌కు దారి దొరుకుతుంది. కాస్త పప్పో చేపల పులుసో కలిపితే ఆ వెసులుబాటు చాలావరకు పోతుంది. ఉట్టి అన్నం ఎవరు తింటారు గనుక? అందుకే అన్నం తిన్నాక వచ్చే మధ్యాహ్నపు కునుకును సెరటోనిన్ ఖాతాలో రాసేయడం తొందరపాటు.

ముడిసరుకు ఒక్కటే చాలదు. దాన్ని మార్చే ఎంజైములకు ఇనుము, బి6 విటమిన్ కావాలి. ఇవి కాక ఫోలేట్ అనే మరో బి విటమిన్ ఉంది, దాని చరిత్రలో మన భీమవరం ఉంది. 1895లో అక్కడ పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములను స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టన పెట్టుకుంది. ఆయనా దాని బారిన పడి బయటపడ్డారు. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందం ఫోలేట్‌కు మరో రూపమైన ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది మందుగా పనికొచ్చింది.

నాడీ రసాయనాల తయారీకి అవసరమైన కొన్ని చర్యలు ఫోలేట్, బి12 లేకపోతే కుంటుపడతాయి. కుంగుబాటు ఉన్నవారిలో ఫోలేట్ తక్కువగా ఉండటం చాలా పరిశీలనల్లో కనిపించింది. అయితే కుంగిపోయిన మనిషి సరిగా తినడు కూడా. ఏది ముందో ఏది వెనకో తేల్చడం అంత సులువు కాదు.

ఫోలేట్ నీళ్లలో కరుగుతుంది, వేడికి చెడుతుంది. తోటకూర ఉడికించి నీళ్లు పారబోస్తే అందులో మంచి భాగం తూములో కలిసినట్టే. అదే కూరను పెసరపప్పులో వేసి, నీళ్లు అందులోనే ఇగిరేలా మూతపెట్టి వండితే చాలావరకు దక్కుతుంది. గంజి వార్చినప్పుడు బి1కూ ఇదే గతి. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో అది ముందే తక్కువ. ఉప్పుడు బియ్యంలో నయం, వడ్లను ఉడికించేటప్పుడు బి1 గింజ లోపలికి ఇంకుతుంది. గ్లూకోజును శక్తిగా మార్చుకోవడానికి మెదడుకు బి1 తప్పనిసరి. బాగా తగ్గితే చిరాకు, తికమక మొదలవుతాయి.

బి12 సంగతి వేరు. ఆకుకూరల్లో వెతికితే దొరకదు. గోదావరి చేపలు తినేవారికి సాధారణంగా కొరత రాదు. కోనసీమలోని శాకాహార కుటుంబాలకు పాలు, పెరుగే ఆధారం. వయసు మళ్లినవారిలో అది ఒంటికి పట్టడమూ తగ్గుతుంది. బి12 లోపం ఉండగా ఫోలిక్ ఆమ్లం మాత్రలు మాత్రమే మింగితే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. అరికాళ్లలో తిమ్మిరి, మతిమరుపు, దిగులు కలిసి కనిపిస్తే డాక్టరుకు చెప్పి ముందు బి12 పరీక్ష చేయించుకోవాలి. మాత్రల సంగతి ఆ తర్వాత.