తలమీది గడ్డలు: జన్యువు దొరికినా కత్తి తప్పలేదు

మాడు మీద చిన్న గడ్డ. దువ్వెన తగిలితే తప్ప ఉన్నట్టే తెలియదు. తిత్తి అనుకుని తీసేస్తారు, ఎక్కువసార్లు అది నిజంగా తిత్తే. కానీ యుక్తవయసు దాటాక మొదలై, తీసేకొద్దీ పక్కన కొత్తవి లేస్తుంటే, అమ్మకో మేనత్తకో అలాంటివే ఉంటే, అవి సిలిండ్రోమాలేమోనని అనుమానించాలి. చెమట గ్రంథులు, వెంట్రుక కుదుళ్ల నుంచి పుట్టే అరుదైన కణితులివి. వంశపారంపర్యంగా వస్తాయి.

తలా ముఖమూ గడ్డలతో నిండిన ఒక రోగి గురించి బ్రిటన్‌లో హెన్రీ ఆన్సెల్ 1842లోనే రాశారు. మాంచెస్టర్ వైద్యుడు హెన్రీ బ్రూక్ 1892లో ముఖం మీది చిన్న చిన్న బొడిపెలను వర్ణించారు. 1899లో వియన్నాలో స్పీగ్లర్ తలమీది గడ్డల మీద దృష్టి పెట్టారు. ఎవరికి కనబడింది వారు రాశారు, దేని పేరు దానికే ఉండిపోయింది. ముదిరితే గడ్డలు ఒకదానితో ఒకటి కలిసిపోయి మాడంతా కప్పేస్తాయి. అందుకే 'తలపాగా కణితి' అనే పేరూ వచ్చింది.

మైక్రోస్కోపు కింద సిలిండ్రోమా స్లైడు ఒక్కసారి చూసినవాళ్లు మరిచిపోరు. కణాల గుంపులు జిగ్సా ముక్కల్లా ఒకదాని అంచులో ఒకటి ఇమిడి, ప్రతి గుంపు చుట్టూ గులాబీరంగు పొరతో కనిపిస్తాయి. అంటే బయాప్సీకి పంపితే దొరికే జబ్బే ఇది. చిక్కల్లా తీసిన గడ్డను పారేయడంతోనూ, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడగకపోవడంతోనూ వస్తుంది.

బ్రిటన్‌లో మైకేల్ స్ట్రాటన్ బృందం 1995లో ఈ గడ్డలకు కారణమైన జన్యువు 16వ క్రోమోజోమ్ మీద ఉందని తేల్చింది. 2000లో జన్యువే దొరికింది. దాని పేరు సీవైఎల్‌డీ. తలమీది గడ్డలు, ముఖం మీది బొడిపెలు, ముట్టుకుంటే నొప్పెట్టే స్పైరాడినోమాలనే గడ్డలు, అన్నింటికీ మూలం ఈ ఒక్క జన్యువులోని లోపమేనని తేలింది. తల్లిదండ్రుల్లో ఒకరికి లోపం ఉంటే ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగానికి సగం. మగవారి కంటే ఆడవారిలో తీవ్రత ఎక్కువ.

2003లో అసలు ఆశ పుట్టింది. కణాల మనుగడను పెంచే ఎన్ఎఫ్ కప్పా-బీ సంకేతాన్ని ఈ జన్యువు అదుపులో ఉంచుతుందని మూడు బృందాలు ఒకేసారి చెప్పాయి. ఆ సంకేతాన్ని ఆస్పిరిన్ జాతి మందులు తగ్గించగలవు కాబట్టి పూతమందుగా కొద్దిమంది మీద వాడి చూశారు. కొన్ని గడ్డలు తగ్గినా, అది చికిత్సగా నిలబడలేదు. తర్వాత న్యూకాజిల్‌లో నీల్ రాజన్ బృందం మరో దారి పట్టింది. కణితుల్లో టీఆర్‌కే అనే ప్రోటీన్ చురుగ్గా ఉందని గుర్తించి, దాన్ని అడ్డుకునే పూతమందును పరీక్షించింది. ఉత్తుత్తి మందు కంటే అది మెరుగ్గా పనిచేయలేదు. ఇంత శాస్త్రం తెలిసిన జబ్బుకు ఒక్క మందూ లేకపోవడం చిరాకు కలిగించే మాటే.

కాబట్టి ఇప్పటికీ సర్జరీయే గతి. గడ్డలు చిన్నగా ఉన్నప్పుడే తీయించుకుంటే కుట్లతోనో లేజర్‌తోనో సరిపోతుంది. ముదరబెడితే మాడు చర్మం మొత్తం తీసి తొడ చర్మం అతకాల్సి రావచ్చు, అక్కడ మళ్లీ జుట్టు మొలవదు. రేడియేషన్ జోలికి పోకపోవడమే మేలు, దానివల్ల డీఎన్ఏ ఇంకా దెబ్బతినొచ్చు. క్యాన్సర్‌గా మారడం అరుదు. అయినా ఏదైనా గడ్డ ఉన్నట్టుండి పెరిగినా, పుండుపడి రక్తం కారినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.